మూలమట్టమునకు సరిపడు కోఁత

రేఖాగణితము చదివిన యే విద్యార్థి నడిగినను లంబకోణ మనఁగా 90 డిగ్రీల కోణమని తడువుకొనక చెప్పును. ఆ విద్యార్థి చేతికే యొక ఱంపమును, రెండంగుళముల మందము గల కొయ్యముక్కను ఇచ్చి "దీనిని 90 డిగ్రీలకుఁ గోసి చూపు"మన్నచో సంగతి వేఱగును. కోఁత పైనుండి చూడ సరిగనే యుండును. ప్రక్కనుండి చూచిన నొకవైపునకు వాలియుండును. నోట 90 అని పలికినది చేతిలో 88 అయినది. ఈ నడుమ పోయిన రెండు డిగ్రీలు ఎక్కడఁ బోయినవో, వానిని మరల నెట్లు రాఁబట్టుకొనవలయునో యీ వ్యాసమున వివరింపఁ దలఁచితిని.

రెండు డిగ్రీలు స్వల్పమే కదా యని కొందఱనుకొనవచ్చును. కాగితముమీఁద స్వల్పమే, కొయ్యలోఁ గాదు. ఒక్క డిగ్రీ తప్పు 12 అంగుళముల దూరము పోవునప్పటికి అంగుళములో నైదవవంతునకుఁ గొంచెము మించి తొలఁగును. మిల్లీమీటరులలోఁ జెప్పినచో 300 మి.మీ.కు 5 మి.మీ. పైచిలుకు. ఒక సొరుగును తలఁచుకొనుఁడు. ముందుపలక, వెనుకపలక, రెండు ప్రక్కపలకలు, వెరసి నాలుగు పలకలకు ఎనిమిది కొనలు. వెనుకపలక కొనలలో నొకటి వాలియున్నచో దానికి ఆనిన ప్రక్కపలకయు వాలును. జిగురు పెట్టి యదిమినను, మేకులు కొట్టి బిగించినను ఆ సొరుగు దీర్ఘచతురస్రము గాక వంకరపెట్టె యగును. అది బల్లలోనికి సగము పోయి చిక్కుకొనును. లోపలి కాగితములకొఱకు ఇంటివారు దానితోఁ బ్రతిదినము పెనుఁగులాడుదురు. పటములకు చట్రము కట్టువారి యవస్థ యింకను హెచ్చు. నాలుగు మూలలకు 45 డిగ్రీల కోఁతలు ఎనిమిది కావలయును. ఒక్కొక్కటి అర డిగ్రీ మాత్రమే తగ్గినదనుకొందము. మూఁడు మూలలు చక్కఁగ నతికినట్లే కనఁబడును. నాలుగవ మూలయందు ఎనిమిది యర డిగ్రీలును చేరి 4 డిగ్రీల సందై నోరు తెఱచును. తప్పు చేసినచోటనే బయటపడక, కట్టకడపటి మూలకుఁ జేరి యక్కడఁ గనఁబడుట యీ పనిలోని చిక్కు.

ఇట్లు కోఁత వాలుటకు చేతివాటము లేకపోవుటయే కారణమని పెక్కుర నమ్మకము. "మన కది వంశములో లేదు" అని తల్లిదండ్రులు బిడ్డల యెదుటనే యనుట కలదు. ఈ మాట నే నంగీకరింపను. చేయి రాదని యొకసారి యనిపించుకొన్న పిల్లవాఁడు గాని, పిల్ల గాని మరల ఱంపము ముట్టరు; పది నిమిషములలోఁ దీఱవలసిన లోపము జన్మమంతయు నిలిచిపోవును. నిజమునకు చదరపు కోఁత చేతివలనఁ బుట్టునది కాదు. అది కోఁతకు ముందు జరుగు పరీక్షవలనను, గీఁతవలనను బుట్టును. ఱంపము ఆ గీఁత వెంట నడచుభృత్యుఁడు మాత్రమే. దారి సరిగఁ జూపినవానికి భృత్యుఁడు సరిగనే నడచును.

చేతిపనిని చదువుతోఁ జేర్చుట క్రొత్త యాలోచన కాదు. ఫిన్లండు దేశమున 1866లోనే యూనో సిగ్నేయుస్ అను విద్యావేత్త ప్రయత్నమున జానపద పాఠశాలలలో చేతిపని పాఠ్యాంశమైనది. స్వీడనులో నేస్ అనుచోట ఓటో సాలమన్ ఉపాధ్యాయులకే కొయ్యపని నేర్పు శిక్షణాలయమును నడపెను. అనేక దేశములనుండి ఉపాధ్యాయులు అక్కడకుఁ బోయి నేర్చుకొని వచ్చిరి. మన దేశమున 1937 అక్టోబరులో వార్ధాయందు జరిగిన విద్యాసభలో గాంధీమహాత్ముఁడు చేతిపని మూలముగనే విద్య గఱపవలెనని ప్రతిపాదించెను. వీరెవ్వరును పిల్లలనందఱను వడ్రంగులను జేయఁగోరినవారు కారు. కంటికిని, చేతికిని, బుద్ధికిని ఒక్కపని యప్పగించినచో అవి పరస్పరము దిద్దుకొనునని వారి తలంపు. చదరపు కోఁతకంటె దీనికి మంచి యుదాహరణము నాకుఁ దోఁపదు.

ఇఁక పనిలోనికి వత్తము. ముందుగ మూలమట్టమును చూడుఁడు. దీనిలో రెండు భాగములు కలవు: మందమైన దిమ్మ యొకటి, దానినుండి అడ్డముగా వెడలిన పలుచని రేకు ఒకటి. దిమ్మను కొయ్య యంచునకు ఆనించి రేకు వెంబడి గీసినచో గీఁత యంచునకు లంబముగ వచ్చును. ఇది మూలమట్టము నిజమైనప్పటి మాట. అంగడిలోఁ గొన్నంతమాత్రమున నది నిజమగునా? ఒకసారి సిమెంటు నేలపైఁ బడిన మూలమట్టమును నమ్మరాదు. నమ్ముట యేల? పరీక్షింపవచ్చును, పరీక్షకు మఱియొక మూలమట్ట మక్కఱలేదు.

అంచు సరళరేఖగఁ జిత్రిక పట్టిన వెడల్పు పలక నొకదానిని దీసికొనుఁడు. దిమ్మను ఆ యంచునకు ఎడమవైపున ఆనించి, మొనగల కత్తితో సన్నని గీఁత నొకటి గీయుఁడు. పిదప మూలమట్టమును తిరగవేసి, దిమ్మను అదే యంచునకు కుడివైపున ఆనించి, మొదటి గీఁత యడుగు బిందువునొద్దనే రేకు నుంచి మరల గీయుఁడు. రెండు గీఁతలును ఒక్కటిగఁ గలసిపోయినచో మూలమట్టము నిజము. పైకిఁ బోవుకొలఁది విడిపోయినచో అబద్ధము. ఎంత అబద్ధము? ఇచ్చట జాగరూకత వలయును. 6 అంగుళముల రేకు కొనయందు గీఁతల నడుమ సందు అంగుళములో పదియాఱవ వంతున్నదనుకొందము. మూలమట్టపు తప్పు దానిలో సగము, అనఁగా ముప్పదిరెండవ వంతు మాత్రమే. ఏలయనఁగా మొదటిసారి రేకు ఒకవైపునకు ఎంత వాలెనో, తిరగవేసినప్పుడు రెండవవైపునకు అంతయే వాలును. తప్పు తన్నుఁ దాను రెట్టింపు చేసికొని మనకుఁ జూపినది. కొలతపనిలో ఇంత చవుకయు, ఇంత నిక్కమును అగు సాక్షి మఱియొకటి దొరకుట యరుదు.

ఈ పరీక్షకు పలక చదరముగ నుండనక్కఱలేదు. ఆ యొక్క యంచు మాత్రము తిన్నగ నుండిన చాలును. అంచు తిన్ననిదో కాదో తెలియుటకును ఉపాయ మిట్టిదే. అంచు వెంబడి కాగితముపై గీఁత గీసి, పలకను బోరగిల త్రిప్పి అదే యంచును గీఁత కెదురుగ నుంచి చూడుఁడు. వంపున్నచో నడుమనో, కొనలనో సందు రెట్టింపై కనఁబడును.

మూలమట్టము లేనిచోట దానిని జేసికొనవలసివచ్చినచో 3, 4, 5 అను సంఖ్యలు చాలును. ఒక సరళరేఖపై 6 అంగుళములు, రెండవ దానిపై 8 అంగుళములు కొలిచి, ఆ కొనల నడుమ దూరము సరిగ 10 అంగుళములగునట్లు రెండవ రేఖను జరపినచో మూల లంబకోణమగును. ఇల్లు కట్టు మేస్త్రీలు పునాది ముగ్గు పోయునప్పుడు 3, 4, 5 అడుగుల త్రాటితోఁ జేయునది యిదియే. యజ్ఞవేదికల కొలతలు తెలుపు బౌధాయన, ఆపస్తంబ శుల్బసూత్రములలో ఈ సంఖ్యలును, 5, 12, 13 మున్నగు నిట్టి మఱికొన్ని సంఖ్యలును గలవు. పై తరగతుల విద్యార్థుల కొక్కమాట. యూక్లిడు మొదటి పుస్తకములోని 47వ సిద్ధాంతమును మీరందఱును వల్లించెదరు. కాని వడ్రంగికిఁ గావలసినది అది కాదు, దాని తరువాతి 48వది. లంబకోణ మున్నచో వర్గముల మొత్తము సరిపోవునని 47వది చెప్పును. వర్గముల మొత్తము సరిపోయినచో అక్కడ లంబకోణ మున్నదని 48వది చెప్పును. మేస్త్రీ యొద్ద ముందుగ లంబకోణము లేదు. కొలతలు మాత్రమే కలవు. అతఁడు కొలతలనుండి కోణమును బుట్టించుచున్నాఁడు. ఈ భేదమును నల్లబల్లపైఁ దెలియనివారికి సయితము త్రాటితోఁ జేసినప్పుడు తెలియును.

మూలమట్టము నిజమని తేలిన పిమ్మట కొయ్యను సిద్ధపఱుపవలయును. నాలుగు ముఖములలో మంచిదానిని ఒకదానిని ఎన్నుకొని తిన్నగఁ జిత్రిక పట్టి దానిపై నొక గుఱుతు వేయుఁడు, ఇది ముఖతలము. దాని ప్రక్కనున్న అంచును ముఖతలమునకు లంబమగునట్లు చిత్రిక పట్టి దానికిని గుఱుతు వేయుఁడు, ఇది ముఖపుటంచు. ఇఁక ముందు మూలమట్టపు దిమ్మ యీ రెండింటికే యానవలయును గాని, తక్కిన రెండు వైపులకు ఎన్నఁడును ఆనరాదు. తొందరపడు విద్యార్థులు ఏ వైపు చేతికి దగ్గఱగ నున్న ఆ వైపున దిమ్మ నానించెదరు. కొయ్య యొక కొన వెడల్పును, ఒక కొన సన్నమును అయినప్పుడు ఎదురెదురు అంచులు సమాంతరములు కావు. ఒక్కొక్క అంచునుండి గీసిన లంబము వేఱు వేఱు దారులఁ బోవును. అప్పుడు మూలమట్టము నిజమైనను గీఁత లబద్ధములగును. పోయిన రెండు డిగ్రీలలో నొకటి సాధారణముగ నిక్కడనే పోవును.

గీఁతను పెన్సిలుతో గాక కత్తితో గీయుట మేలు. పెన్సిలు గీఁతకు వెడల్పు కలదు. ఆ వెడల్పులో ఏ యంచున కోయవలయునో కన్ను నిర్ణయింపలేదు. కత్తిగీఁతకు వెడల్పు లేనట్లే. అంతియేగాక కత్తి పైనున్న నారపోగులను ముందుగనే తెగఁగోయును గనుక ఱంపము వానిని చీల్చి పెల్లగింపదు. ముఖతలముపై మొదటి గీఁత గీసి, అది అంచునకు చేరినచోట కత్తిమొనను నిలిపి, మూలమట్టమును ఆ మొనకుఁ దాఁకునట్లు జరపి అంచుపై గీయుఁడు. ఇట్లే నాలుగు ముఖములను జుట్టి రండు. నాలుగవ గీఁత మొదటి గీఁతను సరిగఁ గలిసికొనవలయును. కలియకున్నచో ఱంపము చేతఁ బట్టవలదు. మూలమట్టమో, ముఖతలమో, ముఖపుటంచో తప్పియున్నది, వెదకి దిద్దుఁడు. కొయ్యను కోయకమునుపే తప్పును దెలుపు సాక్షి యిది. దీనిని లెక్కసేయక ముందుకుఁ బోవుట కంటె కొయ్యను పొయ్యిలోఁ బెట్టుట మేలు, అన్నమైన నుడుకును.

పాఱవేయవలసిన భాగమువైపున గీఁత వెంబడి కత్తితో ఏటవాలుగ సన్నని పొరఁ దీసినచో చిన్న గాడి యేర్పడును. గాడి యొక్క నిలువుగోడ గీఁతయే. ఱంపము ఆ గాడిలోఁ గూర్చుండి అటునిటు జాఱదు. ఱంపము కోసినప్పుడు పొట్టుగఁ బోవు వెడల్పును మఱవరాదు. బల్లపైఁ బనిచేయు చిన్న ఱంపమున కది అంగుళములో పదియాఱవ వంతు దాఁక నుండవచ్చును. గీఁతమీఁదనే కోసినచో ఆ వెడల్పులో సగము మనకుఁ గావలసిన ముక్కనుండి పోవును. కాఁబట్టి ఱంపము గీఁతకు ఆవల, పాఱవేయు భాగమునందే నడువవలయును. పని ముగిసిన పిమ్మట కత్తిగీఁత యొక్క సగము ముక్కపై నిలిచియుండవలయును.

ఱంపములు రెండు తెగలు. నార వెంబడి కోయుదాని పండ్లు వరుసగఁ బేర్చిన చిన్న ఉలులవలె నుండును. నారకు అడ్డముగఁ గోయుదాని పండ్లు కత్తిమొనలవలె నుండును. అడ్డపుకోఁతకు మొదటి దానిని వాడినచో కోఁత యంచు చింపిరి యగును. చదరపు కోఁతకు వెన్నున ఇనుపబద్ద గల చిన్న ఱంపము, అంగుళమునకు 12 మొదలు 14 మొనలు గలది, యుచితము. వెన్నుబద్ద రేకును వంగనీయదు. జపాను దేశపు ఱంపము లాగునప్పుడు కోయును. ఇంగ్లండు మాదిరి ఱంపము తోయునప్పుడు కోయును. ఏదైనను సరియే, అలవాటు ప్రధానము.

ఇప్పుడు నిలుచు విధము. ఱంపపు రేకు, మణికట్టు, మోచేయి, భుజము నొక్క నిలువు తలములో నుండి వెనుకకును ముందునకును ఊఁగవలయును. మోచేయి ప్రక్కకుఁ దొలఁగినచో ఱంపము విల్లువలె వంగి నడచును. పిడిని పిడికిటితో నులిమి పట్టక, మూఁడు వ్రేళ్ళతోఁ బట్టి చూపుడువ్రేలిని రేకు పోవు దిక్కునకుఁ జాఁపుఁడు. మన పల్లెలలోని వడ్రంగి నేలఁ గూర్చుండి పాదముతో కొయ్య నదిమిపట్టి కోయును. బల్లయొద్ద నిలుచువాఁడు వైసులో బిగించి కోయును. ఎట్లు కోసినను కొయ్య కదలరాదు, మోచేయి తొలఁగరాదు. తక్కినది రుచిభేదము.

ఱంపము నిలువుగ నున్నదో వాలినదో తెలియుటకు ఒక చక్కని యుపాయము కలదు. రేకు మెఱయుచున్నచో అందు కొయ్య యొక్క ప్రతిబింబము కనఁబడును. ఱంపమును కొయ్యపై నుంచి చూడుఁడు. కొయ్య యంచును, రేకులోని దాని ప్రతిబింబమును ఒక్క తిన్నని గీఁతగఁ గనఁబడినచో ఱంపము ఆ యంచునకు లంబముగ నున్నది. రెండును గలియుచోట విఱిగినట్లు కనఁబడినచో ఱంపము ప్రక్కకుఁ దిరిగినది. పై ముఖముతోఁ గలియుచోట ప్రతిబింబము క్రిందికో, మీఁదికో విఱిగినచో ఱంపము వాలినది. అద్దము తప్పును రెట్టింపు చేసి చూపును గనుక స్వల్పమైన వాలును సయితము కన్ను పట్టఁగలదు. మూలమట్టమును తిరగవేసి గీసినప్పుడు జరిగినదియు నిదియే కదా. అందుచేతనే తుప్పుపట్టిన ఱంపముతో సరిగఁ గోయుట కష్టము. తుప్పు పదునును మాత్రమే గాక అద్దమును గూడఁ జెఱచును.

కోఁత మొదలుపెట్టుట ఆవలి మూలనుండి. ఎడమచేతి బొటనవ్రేలి కణుపును రేకునకు ఆనించి, బరువు వేయక రెండు మూఁడు మార్లు మెల్లఁగ నాడించుఁడు. గాడి పడిన పిమ్మట పిడిని కొంచెము కొంచెము దించుచు పై ముఖము మీఁది గీఁత వెంబడి ఈవలి మూల దాఁక సన్నని కోఁత తెచ్చుఁడు. పిమ్మట మనవైపు నిలువుగీఁత వెంబడి ఏటవాలుగఁ గోయుఁడు. ఇప్పుడు కంటికి రెండు గీఁతలు కనఁబడుచున్నవి: పైగీఁత, ఎదుటిగీఁత. ఈ రెండింటిని అనుసరించు ఱంపము తప్పిపోవుటకు వీలులేదు, ఏలయనఁగా ఒకదానినొకటి ఖండించు రెండు సరళరేఖలచేత తలము నిర్ణీతమగును. మూల నుండి మూలకు ఏటవాలుగఁ దెగిన పిమ్మట కొయ్యను త్రిప్పి, వెనుకవైపు గీఁతను మనవైపునకుఁ దెచ్చుకొని, అట్లే కోయుఁడు. ముందు కోసిన సందు ఱంపమునకు దారి చూపును. కడపట నడుమ మిగిలిన ముక్కోణపు భాగమును సమముగఁ గోసివేయుఁడు. ముగియు సమయమున వదలిపోవు ముక్కను ఎడమచేత పట్టుకొననిచో అది తన బరువుచే విఱిగి అడుగు అంచును చీల్చుకొని పోవును. మొదటినుండి తుదివఱకు ఒక్క ముఖమునే చూచుచుఁ గోయువాని కోఁత అడుగున వాలుటకు కారణము చేతివాటము కాదు. అడుగుననున్న గీఁతను అతఁడు చూడనేలేదు. రెండవ డిగ్రీ పోయిన చోటిది.

ఆడలేక మద్దెల ఓడన్నట్లు పనిముట్టును నిందించుట మంచిది కాదు గాని, మద్దెల నిజముగ ఓడై యుండుటయుఁ గలదు. పండ్లను ఒకటి కుడికి, ఒకటి యెడమకు కొంచెము వంచియుందురు. రేకు బిగిసిపోక నడచుటకు అది యవసరము. ఒకవైపు వంపు హెచ్చైనచో ఱంపము ఎల్లప్పుడు ఆ వైపునకే లాగును. ఎవరు కోసినను, ఎన్ని మార్లు కోసినను ఒకేవైపునకుఁ దొలఁగుచున్నచో దోషము ఱంపమునది. ఆ వైపు పండ్ల ప్రక్కలను నూనెరాతితో నొకటి రెండు మార్లు మెల్లఁగ రుద్ది, మరల కోసి చూడవలయును. ఒకసారి కుడికి, ఒకసారి యెడమకుఁ దొలఁగుచున్నచో దోషము మనదే.

ఎంత నేర్పుతోఁ గోసినను ఱంపపు కోఁత ముఱుకుగనే యుండును. దానిని నునుపు చేయుటకు పలక నొకదాని నేర్పఱచుకొందురు. పలకపై నొక అడ్డుకొయ్యను మూలమట్టము పెట్టి బిగింపవలయును; ముక్కను ఆ యడ్డుకొయ్యకు ఆనించి, చిత్రికను ప్రక్కకుఁ బండుకొనఁబెట్టి పలక యంచు వెంబడి తోయవలయును. ఉలి మిక్కిలి పదునుగ నుండుట యవసరము. నారకొనలను కోయుట కఠినము గనుక మొద్దు ఉలి వానిని నలిపివేయును. ఆవలి యంచు చీలకుండుటకు అడ్డుకొయ్య వెనుకనుండి యాదుకొనును. పిదప మూలమట్టము పెట్టి వెలుతురునకు ఎత్తిపట్టి చూడుఁడు. రేకునకును కొయ్యకును నడుమ వెలుఁగుగీఁత కనఁబడరాదు. రెండు దిక్కులను చూడవలయును: ముఖతలమునుండి యొకసారి, ముఖపుటంచునుండి యొకసారి.

అడ్డుకొయ్య నిజముగ లంబముగ నున్నదా? దీనికొక సొంపైన పరీక్ష కలదు. లెక్క లిష్టపడువారు దీనిని చేసి చూడవలయును. చదరముగ నున్న పలుచని పలక నాలుగు అంచులకు 1, 2, 3, 4 అని వరుసగ అంకెలు వేయుఁడు. 1వ అంచును చిత్రిక పట్టి, దానిని అడ్డుకొయ్యకు ఆనించి 2వ అంచును, దానిని ఆనించి 3వ అంచును, దానిని ఆనించి 4వ అంచును చిత్రిక పట్టుఁడు. అడ్డుకొయ్యలో కొంత తప్పున్నచో మూఁడు మూలలు ఆ తప్పుతో సమానముగ వచ్చును. చతుర్భుజపు కోణముల మొత్తము 360 డిగ్రీలు గనుక ఆ మూఁడు తప్పులను ఒంటరిగ మోయవలసినది నాలుగవ మూల. అక్కడ మూలమట్టము పెట్టినచో మూఁడంతల తప్పు కనఁబడును. విద్యుత్తుతోఁ దిరుగు ఱంపపుబల్ల లున్న కార్ఖానాలలో ఇంకొక యడుగు ముందుకుఁ బోవుదురు. నాలుగు అంచులను ఇట్లే కోసిన పిమ్మట, 4వ అంచును అడ్డమునకు ఆనించి 1వ అంచును మరల కోసి అంగుళము వెడల్పు గల బద్దను వేఱుచేయుదురు. ఆ బద్ద రెండు కొనల వెడల్పుల భేదమును నాలుగుచే భాగించినచో ఒక కోఁతలోని తప్పు తెలియును. 300 మి.మీ. పొడవు గల బద్దలో కొనల భేదము 2 మి.మీ. అయినచో తప్పు 300 మి.మీ.కు అర మి.మీ. అన్నమాట. యంత్రమున్నచో మూలమట్టముతోఁ బనిలేదనుకొనువారు దీనిని గమనింతురు గాక. అడ్డము తప్పిన యంత్రము అదే తప్పును వేగముగఁ జేయును, అంతే భేదము.

సరిగఁ గోసిన ముక్క సరిగనే నిలుచునా యను ప్రశ్న మిగిలినది. కొయ్య గాలిలోని తేమను బట్టి ఉబ్బుచు, ఎండుచు నుండును. నార వెంబడి పొడవున ఈ మార్పు లేనట్లే. నారకు అడ్డముగ వెడల్పున నుండును. అందును వలయముల వెంబడి కలుగు మార్పు, కేంద్రమునుండి బెరడువైపునకుఁ గలుగు మార్పునకు సుమారు రెండింతలు. రోహిణికార్తె యెండలలో కోసిన పలక శ్రావణ భాద్రపదములలో వెడల్పగును. ఆశ్చర్య మేమనఁగా, చదరపు కోఁత దీనివలనఁ జెడదు. వెడల్పు మాత్రమే మాఱి పొడవు మాఱనప్పుడు దీర్ఘచతురస్రము దీర్ఘచతురస్రముగనే యుండును. 45 డిగ్రీల కోఁత మాత్రము చెడును. పటపు చట్రముల మూలలు కాలమును బట్టి సందులిచ్చుట కిది యొక కారణము. చౌకట్టు కఱ్ఱలోని వలయములు మూలనుండి మూలకుఁ బోవుచున్నచో ఆ కఱ్ఱ అడ్డుకోఁత చదరము ఎండినపిమ్మట వజ్రాకృతి నొందును. టేకు ఈ విషయమున తక్కిన పెక్కు కొయ్యలకంటె స్థిరమైనది. సొరుగులకును, తలుపులకును దానిని కోరుట వట్టి డంబము కాదు. పచ్చికొయ్య నెట్లు కోసినను లాభము లేదు, ముందు ఎండనీయవలయును.

నాలుగు ముక్కలను గూర్చి పెట్టె కట్టునప్పుడు జిగురు ఆఱకముందే రెండు కర్ణములను కొలువుఁడు. ఎదురెదురు భుజములు సమానములై, కర్ణములును సమానములైనచో మూలలు లంబములు. కర్ణములు మాత్రమే చూచి తృప్తిపడరాదు. పై భుజము చిన్నదియు, క్రింది భుజము పెద్దదియు అయిన సమద్విబాహు సమలంబమునకును కర్ణములు సమానముగనే యుండును. భుజములు సరిపోయి యొక కర్ణము పొడవుగ నున్నచో ఆ రెండు మూలలను మెల్లఁగ నదిమి, సరిపోయిన పిమ్మట బిగించి యుంచవలయును.

నేర్చుకొన మొదలుపెట్టువారు పెద్ద వస్తువులకు పూనుకొనక, రెండంగుళముల వెడల్పును, అంగుళము మందమును గల నాసి కొయ్యను దీసికొని, అర యంగుళమునకు ఒకటి చొప్పున పది గీఁతలు చుట్టును గీసి, పదింటిని కోయుదురు గాక. ఒక్కొక్క ముక్కపై వరుస సంఖ్య వేసి, మూలమట్టము పెట్టి, ఏ దిక్కునకు ఎంత వాలినదో దానిపైనే వ్రాయవలయును. ముక్కలను వరుసగఁ బేర్చి చూచినచో తప్పు ఎల్లప్పుడు ఒకవైపుననే యున్నదో, ఇరువైపుల నున్నదో తెలియును. దానినిబట్టి ఱంపమును దిద్దవలయునో, మోచేతిని దిద్దవలయునో నిర్ణయింపవచ్చును. పని ముగిసిన పిమ్మట మూలమట్టమును పనిముట్ల కుప్పలోఁ బడవేయక, రేకునకు నూనెగుడ్డ రాచి గోడమేకునకు వ్రేలాడఁదీయవలయును. చేయిజాఱి క్రిందఁ బడినచో, పడినదని దాఁచక యుపాధ్యాయునకుఁ జెప్పి, తిరగవేసి గీసి పరీక్షించిన తరువాతనే మరల మేకునకుఁ దగిలింపవలయును.